అర్థశాస్త్రమున పట్టము గోరు విద్యార్థులకు

ఏటేట పదవ తరగతి ఫలితములు వెలువడిన వారము దినములలో మా పాఠశాల వరండా సంతవలె నుండును. తలిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకొని వచ్చి, "అయ్యా, మావాణ్ణి ఇంటరులో ఏ గ్రూపులో చేర్పించమంటారు?" అని యడుగుదురు. మేమును మార్కుల పట్టిక చూచి నిమిషమైనను పట్టకుండ సమాధానము చెప్పి పంపుదుము. లెక్కలలో మంచి మార్కులు వచ్చినవో, ఎం.పి.సి.; జీవశాస్త్రమున నాసక్తి యున్నదో, బై.పి.సి.; రెండును లేవో, సి.ఇ.సి. గాని హెచ్.ఇ.సి. గాని. నూజివీడు తోటలో మామిడికాయలను మూడు గంపలలోనికి వేరుచేసినట్లు పిల్లలను వేరుచేయుట మాకలవాటైపోయినది. ఈ తొందరవలన కలుగు నష్టమెట్టిదో ఒక విద్యార్థి మాకు తెలిపెను. ఆ ముచ్చట ముందు చెప్పి, పిమ్మట అసలు విషయమునకు వత్తుము.

దివిసీమనుండి వచ్చి మా వసతిగృహములో నుండి చదువుకొన్న బాలుడతడు. లెక్కలలో మధ్యరకము. కాని వార్తాపత్రిక చేతికి వచ్చినచో ఆటల పుట విడిచి ధరల పట్టిక చూచెడివాడు. "కోతలప్పుడే వడ్ల ధర ఎందుకు పడిపోతుందండీ?" అని సాంఘికశాస్త్రపు తరగతిలో పలుమా రడుగుచుండెను. అతని తండ్రి వచ్చినప్పుడు, సి.ఇ.సి.లో అర్థశాస్త్రమున్నది గదా యని, అందే చేర్పింపుమని చెప్పితిమి. ఆ బాలుడు ఇంటరు మంచి మార్కులతో నెగ్గెను. తరువాత ఢిల్లీ విశ్వవిద్యాలయమున అర్థశాస్త్ర ఆనర్సు చదువవలెనని తలంచి, నిబంధనలు చూచుకొని, మా యొద్దకు వచ్చెను. అక్కడ చేరవలెనన్నచో పన్నెండవ తరగతిలో గణితము చదివి యుండవలెను. ప్రవేశపరీక్షలో గణితపత్రము వ్రాయవలెను. అతడు రెండేండ్లుగా గణితపుస్తకము తెరువలేదు. "మాస్టారండీ, అర్థశాస్త్రానికి లెక్కలెందుకండీ?" అని యడిగెను. ఆనాడు మాకు సరియైన సమాధానము తోచలేదు. అతనిని ఆ గ్రూపులో చేర్పించినవారము మేమే గనుక, సిగ్గుపడి యూరకుంటిమి.

ఈ వ్యాసము ఆ ప్రశ్నకు ఆలస్యముగా చెప్పుచున్న సమాధానము.

మొట్టమొదట, అర్థశాస్త్రమనగా ధనము సంపాదించు విద్య యని మన పక్క పల్లెలలో ఒక భ్రమ కలదు. మరికొందరు దానిని వాణిజ్యశాస్త్రముతో కలిపివేయుదురు. బి.కాం. చదివినవాడు ఒక దుకాణముయొక్క గాని సంఘముయొక్క గాని జమాఖర్చులు వ్రాయుటయు, పన్నులు కట్టు విధానమును, లెక్కల తనిఖీయు నేర్చుకొనును. అర్థశాస్త్రము చదివినవాడు ఆ దుకాణము మాత్రమే గాక బజారంతయు చూడవలసియుండును. ఉన్నది కొంచెము, కోరికలు పెక్కు. ఆ కొంచెమును ఎవరు, ఎట్లు, ఏ ధరకు పంచుకొందురు, ఆ పంపకమువలన ఎవరికి మేలు, ఎవరికి కీడు అని విచారించుటయే దాని పని. కృష్ణా డెల్టాలో పుట్టిన పిల్లవానికి ఇది కొత్తసంగతి గాదు. బెజవాడ ఆనకట్ట 1855లో ముగిసినప్పటినుండి మన తాతముత్తాతలు కాలువనీటి వంతులను గూర్చి మాటలాడుకొనుచునే యున్నారు. 1832–33లో గుంటూరు సీమను నాశనము చేసిన డొక్కల కరువు జ్ఞాపకమున్న తరమువారే ఆ ఆనకట్టను కన్నులార చూచినారు. 1952లో ఆ పాత కట్టకు గండిపడగా, దాని స్థానమున 1957 నాటికి ప్రకాశము బ్యారేజీ లేచెను. ఆ నీరు ముందు తూముకు ఎంత, చివరి తూముకు ఎంత యను తగవు అర్థశాస్త్రపు తగవే.

మన ప్రాంతమున ఈ విద్యకు చరిత్ర కొంత కలదు. పూర్వము ఇచ్చటి కళాశాలలు మదరాసు విశ్వవిద్యాలయమునకు లోబడి యుండెడివి. బందరులో 1843లో రాబర్టు నోబిలు దొర స్థాపించిన పాఠశాలయే తరువాత నోబిలు కళాశాల యయ్యెను. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము పుట్టినది మన బెజవాడలోనే యని నేటి పిల్లలలో ఎందరికి తెలియును? అది 1930లో వాల్తేరునకు తరలిపోయెను. దాని మొదటి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు; ఆయన కవియు విమర్శకుడును మాత్రమే గాదు, తెలుగులో అర్థశాస్త్ర గ్రంథము వ్రాసినవారుకూడ.

ఆ 1926వ సంవత్సరముననే బెజవాడలో మఱియొక చిన్న సంగతి జరిగినది. మా దృష్టిలో అది చిన్నది గాదు. నిడుబ్రోలు వాస్తవ్యులు, గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదివి ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రమున బి.లిట్. పట్టము పొందిన గోగినేని రంగనాయకులు, అనగా ఆచార్య రంగాగారు, డెల్టా గ్రామముల ఆర్థికవ్యవస్థను గూర్చి ఆంగ్లములో వ్రాసిన గ్రంథపు మొదటి సంపుటము ఇక్కడ అచ్చయ్యెను. పిమ్మట వారు మదరాసు పచ్చయ్యప్ప కళాశాలలో అర్థశాస్త్రాచార్యులైరి. రాజకీయములలో వారి పేరు అందరికిని తెలిసినదే. మా కిందు గమనింపదగినదిగా తోచు విషయమేమన, ఆక్స్‌ఫర్డు చదువు చదివినవాడు తిరిగివచ్చి తన పక్క పొలముల నెన్నుకొనుట. లండను బజారు ధరలను గూర్చి పుస్తకములు పెక్కు గలవు. మన కాలువ చివరి పొలమును గూర్చి వ్రాయవలెనన్న, ఇచ్చటివాడే చదువుకొని వ్రాయవలెను.

బందరులో భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923లో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు సంగతికూడ ఇందే చేరును. 2020 ఏప్రిలు 1వ తేదీన అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయెను. ఒక బందరు వైద్యుడు బ్యాంకేల పెట్టెను, పెట్టినది దాదాపు నూరేండ్లు నిలిచి ఏల కలిసిపోయెను అని యోచించిన విద్యార్థికి బ్యాంకింగు పాఠము సగము వచ్చినట్లే.

ఇక నేడు చదువగోరు వారికి గల దారులు చెప్పుదుము.

ఇంటియొద్దనే యుండి చదువుట మొదటి దారి. విజయవాడలో 1937లో వెలసిన శ్రీ రాజా రంగయ్యప్పారావు, చుండి వెంకటరెడ్డి ప్రభుత్వ కళాశాల, 1953లో ఏసుసభవారు స్థాపించిన ఆంధ్ర లయోలా కళాశాల, 1962లో స్త్రీలకై వెలసిన మారిస్ స్టెల్లా కళాశాల, 1975 నాటి సిద్ధార్థ కళాశాల కలవు. బందరున 1928 నాటి హిందూ కళాశాలయు, గుడివాడలో 1951లో అక్కినేని నాగేశ్వరరావుగారి పేర వెలసిన కళాశాలయు ఉన్నవి. ఈ ప్రాంతపు కళాశాలలకు మొదట ఆంధ్ర, 1976 నుండి నాగార్జున విశ్వవిద్యాలయములు పరీక్షలు జరిపి పట్టములొసగెడివి. 2008లో బందరున కృష్ణా విశ్వవిద్యాలయము స్థాపింపబడెను. ఈ కళాశాలలన్నిటను ప్రతి సంవత్సరము అర్థశాస్త్రము ప్రధానాంశముగా నుండునని తలంపరాదు. చేరువారు చాలనిచో కోర్సు నిలిపివేయుటయు కలదు. కావున ముందుగా కళాశాలకు పోయి, "ఈ యేడు అర్థశాస్త్రము మేజరుగా నడుచుచున్నదా? అధ్యాపకులెందరు?" అని రెండు ప్రశ్నలడిగి రావలెను. రెండవ ప్రశ్న తలిదండ్రులు సాధారణముగా అడుగరు, అదియే ముఖ్యము.

మా తరమువారు బి.ఏ. చదివినప్పుడు మూడు విషయములు సమానముగా నుండెడివి: చరిత్ర, అర్థశాస్త్రము, రాజనీతిశాస్త్రము. మూడింటను కొంత కొంత వచ్చెడిది. 2023–24 విద్యాసంవత్సరమున రాష్ట్రమున ఆ పద్ధతి మారి, ఒకే ప్రధానాంశమును దానికి తోడుగా ఒక ఉపాంశమును ఉండు విధానము వచ్చెను. దీనినే మేజరు, మైనరు అందురు. ఇట్టి ఏర్పాటులు రెండుమూడేండ్ల కొకమారు మారుచుండును గాన, చేరబోవు సంవత్సరపు ఉత్తరువు చూచుకొనుట మేలు. కాని ఏ ఏర్పాటులోనైనను అర్థశాస్త్ర విద్యార్థి చదువు పాఠములు ఇంచుమించుగా ఇవియే: వ్యక్తియు సంస్థయు ధరలు చూచి ఎట్లు నిర్ణయించుకొనునో తెలుపు సూక్ష్మ అర్థశాస్త్రము; దేశపు ఆదాయము, ద్రవ్యోల్బణము, నిరుద్యోగము విచారించు స్థూల అర్థశాస్త్రము; అభివృద్ధి అర్థశాస్త్రము; భారత, ఆంధ్రప్రదేశ్ ఆర్థికవ్యవస్థలు; అర్థశాస్త్రమునకు వలయు గణాంక పద్ధతులు. చివరి దానిని చూచి సి.ఇ.సి. పిల్లలు బెదరుదురు. బెదరవలసిన పని లేదు. కాని తప్పించుకొనుటయు కుదరదు.

క్రెడిట్లను మాట నేడు ప్రతి కళాశాలలోను వినవచ్చును. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2022 డిసెంబరులో ప్రకటించిన చట్రము ప్రకారము మూడేండ్ల పట్టమునకు 120 క్రెడిట్లును, నాలుగేండ్ల ఆనర్సు పట్టమునకు 160 క్రెడిట్లును కనీసము సంపాదింపవలెను. మొదటి యేడు ముగించి 40 క్రెడిట్లతో మానవలసి వచ్చినవానికి సర్టిఫికెట్టును, రెండేండ్లకు 80 క్రెడిట్లతో మానినవానికి డిప్లొమాయును ఇచ్చు ఏర్పాటు అందు కలదు. మొదటి ఆరు సెమిస్టర్లలో నూటికి 75 తగ్గకుండ తెచ్చుకొన్నవారు నాలుగవ యేట పరిశోధనతో గూడిన ఆనర్సు చేయవచ్చును. ఇంటికి కష్టము వచ్చి చదువాపిన పిల్లకు చేతిలో ఒక కాగితమైనను మిగులుట మంచిదే. కాని ఆ కాగితమును చూపి మధ్యలోనే మానిపించుటకు తలిదండ్రులు సాకు చేసికొందురేమోయని మాకొక భయము. ముఖ్యముగా ఆడపిల్లల విషయమున.

భాష సంగతికూడ చెప్పవలెను. రాష్ట్రమున 2021–22 నుండి డిగ్రీ చదువులు ఆంగ్ల మాధ్యమముననే యుండవలెనని నిర్ణయము జరిగెను. తెలుగున చదివివచ్చిన పిల్లలు మొదటి సెమిస్టరున తికమకపడుదురు. వారికి మా సలహా ఒకటే: 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ప్రకటించిన అర్థశాస్త్ర పుస్తకములు సంపాదించి ప్రక్కన బెట్టుకొనుడు. భావము తెలుగున పట్టుబడిన పిమ్మట ఆంగ్లపు మాట దానంతటదే వచ్చును. ఉపాంత ప్రయోజనమనగా ఏమో తెలియనివాడు దాని ఆంగ్లపుమాట వేయిమార్లు వల్లించినను ఫలము సున్న.

రెండవ దారి దూరదేశపుది. ఢిల్లీ విశ్వవిద్యాలయపు కళాశాలలలో అర్థశాస్త్ర ఆనర్సునకు 2022 నుండి సి.యు.ఇ.టి. అను జాతీయ ప్రవేశపరీక్ష ద్వారా చేర్చుకొనుచున్నారు. ఒక భాష, గణితము గాని అనువర్తిత గణితము గాని, మఱి రెండు విషయములు వ్రాయవలెను. ఈ పరీక్షను తెలుగున వ్రాయు సౌకర్యము కలదని మన పిల్లలలో పలువురెరుగరు. 2022లో అచ్చట వచ్చిన పాఠ్యప్రణాళికలో మొదటి సెమిస్టరునకు ప్రధానపత్రములు మూడు: ఒకటి సూక్ష్మ అర్థశాస్త్రము, రెండవది అర్థశాస్త్రమునకు గణితపద్ధతులు, మూడవది గణాంకములు. మూడింట రెండు లెక్కలే! దివిసీమ బాలుని ఎదుట తలుపు మూసికొనుటకు కారణమిదియే.

హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమున ఇంటరు పిమ్మట నేరుగా చేరి అయిదేండ్లు చదువు అర్థశాస్త్ర ఎం.ఏ. కలదు, దానికిని సి.యు.ఇ.టి.యే ద్వారము. మన ప్రాంతపు పిల్లలకు రాత్రి బండి ఎక్కినచో తెల్లవారుసరికి చేరు ఊరు. మా మాట వినువారికి దీనిని తప్పక చూడుడని చెప్పుదుము.

కాన్పూరు, ఖరగ్‌పూరు ఐ.ఐ.టి.లలోకూడ అర్థశాస్త్రమున బి.ఎస్. పట్టము కలదు. అయితే అచ్చట చేరుటకు జె.ఇ.ఇ. వ్రాయవలెను. అనగా అర్థశాస్త్రము చదువుటకు ముందు రసాయనశాస్త్ర పరీక్షలో నెగ్గవలెను! ఎం.ఇ.సి. చదివి ఇంటరులో అర్థశాస్త్రమున ప్రథముడైనవానికి ఆ ద్వారమున ప్రవేశము లేదు. అర్థశాస్త్రపు పుట తెరచి చూడని ఎం.పి.సి. వానికి కలదు. ఇది చిత్రముగా తోచినను ఉన్నమాట.

ఉద్యోగము చేయుచు గాని, ఇల్లు కదల వీలులేక గాని చదువువారికి ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమున అర్థశాస్త్ర ఆనర్సు కలదు. దాని ప్రాంతీయ కేంద్రము విజయవాడలోనే యున్నది. పాఠములు పుస్తకరూపమున వచ్చును. మేలుకొలుపువాడు లేని చదువు గనుక పట్టుదల గలవారికే అది పండును.

ఇప్పుడు ఆ బాలుని ప్రశ్నకు వత్తుము. లెక్కలెందుకు?

కోతలనాటి ధరనే తీసికొందము. ఈ దిగువ అంకెలు మేము ఊహించుకొన్నవి. పద్ధతి మాత్రము నిజమైనది. ఒక రైతునకు ఎకరమునకు 30 బస్తాలు పండినవి. బస్తా ధర 1,700 రూపాయలు. వచ్చినది 51,000. మరుసటి యేడు వానలు చక్కగా కురిసి అందరి పొలములలోను నూటికి పదివంతుల పంట హెచ్చెను. మన రైతునకు 33 బస్తాలు వచ్చినవి. అన్ని కళ్లములలో వడ్లు నిండినవి గాన ధర 1,450కి దిగెను. వచ్చినది 47,850. పంట పెరిగెను; రాబడి 3,150 రూపాయలు తగ్గెను. అతని యొక్కని పొలమునందే పంట పెరిగి, ధర అట్లే యుండినచో 56,100 వచ్చి యుండెడిది. ఒక్కనికి మేలైనది అందరికి కలిగినప్పుడు కీడగుట ఎట్లు? పంట నూటికి 10 పెరుగుటకు ధర నూటికి 15 వంతున పడిపోయినది. అన్నము తినువాడు ధర తగ్గినదని రెండింతలు తినడు గదా! ధర మారినప్పుడు కొనుగోలు ఎంత మారునను ఈ నిష్పత్తికే డిమాండు వ్యాకోచత్వమని పేరు. ఈ నిష్పత్తి ఒకటికంటె తక్కువైనచోట మంచి పంటయే రైతునకు చేటు తెచ్చును. ఆ బాలుడు ఎనిమిదవ తరగతినుండి అడుగుచున్న ప్రశ్నకు సమాధానము ఒక భాగహారములో నున్నది.

ప్రభుత్వము మద్దతు ధర యేల ప్రకటించునో దీనివలననే తెలియును. 2024–25 ఖరీఫునకు సాధారణరకపు వడ్లకు క్వింటాలు 2,300 రూపాయలని ప్రకటించిరి. మన డెల్టాలో వాడు 75 కిలోల బస్తాకు లెక్కకట్టిన 1,725 అగును. ఆ ధరకు నిజముగా కొనువారు కళ్లమునొద్దకు వచ్చినారా లేదా యనునది వేఱు ప్రశ్న. దానికి గణాంకములు కావలెను.

గణాంకములనగానే సగటు జ్ఞాపకము వచ్చును. అయిదుగురు రైతులకు వరుసగా 1, 1, 2, 2, 24 ఎకరములున్నవనుకొందము. మొత్తము 30, సగటు 6. "ఈ ఊరిలో సగటు రైతు ఆరెకరముల ఆసామి" అని ఒక నివేదికలో వ్రాసినచో అబద్ధము గాదు. కాని ఆరెకరములవాడు ఆ ఊరిలో ఒక్కడును లేడు. మధ్యగతము తీసినచో 2 వచ్చును. ఊరి స్థితి తెలియును. ఇది మీరు పదవ తరగతిలో చదివిన పాఠమే. మఱియు, కాలువ చివరి రైతుల కష్టము తెలిసికొనుటకు నాగాయలంకకు పోయి బస్సు దిగినచోటనే టీ కొట్టునొద్ద కూర్చున్న పదిమందిని అడిగి వచ్చిన, వారి మాట వచ్చును గాని, ఆ వేళ పొలములో నున్నవాని మాట రాదు. ఎవరిని, ఎందరిని, ఎట్లు ఎన్నుకొని యడుగవలెనో చెప్పునది ప్రతిచయన పద్ధతి. ఇది రానివాని పరిశీలన ఎంత దయతో చేసినదైనను నమ్మరానిది.

వరిపొలము రొయ్యలచెరువుగా మారుటయు మన కన్నులయెదుటి పాఠమే. చెరువు త్రవ్వినవానికి రాబడి కలదు. అతని ఉప్పునీరు ఊటగా దిగి ప్రక్క పొలమును చౌడుచేసినచో ఆ నష్టము చెరువువాని లెక్కలో చేరదు. లెక్కలో చేరని ఈ నష్టమునకు అర్థశాస్త్రజ్ఞులు బాహ్యతయని పేరు పెట్టి, దానిని కొలుచు ఉపాయములు చెప్పుదురు. కొలువనిచో ప్రక్క పొలమువాని మొర కేవలము ఏడుపుగా మిగులును. కొలిచినచో అది వాదమగును.

ఇంకొక సంగతి. 1949లో ఏలూరున జన్మించిన దువ్వూరి సుబ్బారావుగారు 2008 నుండి 2013 వరకు రిజర్వు బ్యాంకు గవర్నరుగా నుండిరి. వారు మొదట చదివినది భౌతికశాస్త్రము, ఖరగ్‌పూరు, కాన్పూరులలో. అర్థశాస్త్రము తరువాత అమెరికాలో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున పిహెచ్.డి. పొందిరి. లెక్కలు వచ్చినవాడు అర్థశాస్త్రమునకు ఎప్పుడైనను రావచ్చును. లెక్కలు విడిచినవాడు తిరిగి వచ్చుట కష్టము, అసాధ్యము గాదు.

కావున పదవ తరగతి పిల్లలకు మేమిప్పుడు చెప్పునది ఇది. అర్థశాస్త్రముపై మనసున్నచో ఎం.ఇ.సి.లో చేరుడు, అందు గణితము, అర్థశాస్త్రము, వాణిజ్యము మూడును కలవు. అది మీ ఊరి కళాశాలలో లేనిచో, ఉన్న చోటు వెదకుడు. ఐ.ఐ.టి. దారి కూడ తెరచియుంచుకొనవలెనన్నచో ఎం.పి.సి. యే గతి. ఇదివరకే సి.ఇ.సి.లో గాని హెచ్.ఇ.సి.లో గాని చేరినవారు నిరాశ చెందవలదు. ఇచ్చటి బి.ఏ.కు వారు అర్హులే. జాతీయ సార్వత్రిక పాఠశాల సంస్థలో గణితము ఒక్కటే విషయముగా వ్రాయవచ్చును. అయితే దానిని తాము చేరగోరు విశ్వవిద్యాలయము అంగీకరించునో లేదో ముందే వ్రాసి తెలిసికొని, అటుపిమ్మట రుసుము కట్టవలెను.

పట్టము పిమ్మట ఏమి దొరకునని తండ్రులడుగుదురు. బ్యాంకు పరీక్షలకును, రాష్ట్ర గ్రూపు పరీక్షలకును ఏ పట్టమైనను చాలును. అందు అర్థశాస్త్ర ప్రశ్నలు తప్పక వచ్చును గాన మనవారికి కొంత అనుకూలము. బి.ఎడ్. చేసి సాంఘికశాస్త్రోపాధ్యాయులు కావచ్చును. 1961లో ఏర్పడిన భారత ఆర్థిక సర్వీసునకు మాత్రము అర్థశాస్త్రమున ఎం.ఏ. వంటి పై పట్టము కావలెను. ఇంతకంటె ఈ విషయమై చెప్పుటకు మాకు ఉత్సాహము లేదు; జీతములు మారుచుండును, ఆశలు మారుచుండును.

ఆ దివిసీమ బాలుడు విజయవాడలోనే బి.ఏ.లో చేరెను. మొదటి సంవత్సరాంతమున విద్యార్థులందరు చేయవలసిన సామాజిక సేవా ప్రాజెక్టునకు తన ఊరి కాలువనే ఎన్నుకొని, తూముల వెంట అరువది ఇండ్లు తిరిగి, ఎవరికి నీరు ఎన్నడు వచ్చినది, ఎన్ని బస్తాలు పండినవి అని వ్రాసికొనెను. మొన్న సంక్రాంతి సెలవులలో ఆ పుస్తకము తెచ్చి మాకు చూపెను. తిన్నని గీతలు గీసి, ఎఱ్ఱసిరాతో మొత్తములు వేసియున్నాడు. "చివరి తూము దగ్గర ఎకరానికి ఎన్ని బస్తాలు తగ్గాయో తేలిందండీ. కాని అందులో నీళ్లు ఆలస్యం కావడం వల్ల ఎంత, ఎరువు తక్కువ వెయ్యడం వల్ల ఎంత అన్నది విడదియ్యడం నాకు రావట్లేదు," అనెను.

అది మా సాంఘికశాస్త్రమునకు అందని ప్రశ్న. అతనిని లెక్కల మాస్టరుగారి యొద్దకు తోడ్కొనిపోతిమి. ఆయన చేతిసంచి క్రిందబెట్టి, సుద్దముక్క తీసికొని, ఖాళీ తరగతిగదిలో నల్లబల్లమీద రెండు అక్షములు గీసెను. మేము తాళములు పట్టుకొని వరండాలో నిలువబడితిమి. చీకటిపడువరకు వారిద్దరును బయటకు రాలేదు.